కావడి దించి చేతులెత్తబోయిన అనంతయ్య సారు

మా అనంతయ్య సారు ఇక లేరు. నల్లగొండలో ప్రకృతిశాస్త్రం చెప్పిన ఆ మహోపాధ్యాయుడు గత వారం కేతేపల్లి నుంచి కాలినడకన వస్తూ దారిలో తుపాకీ గుండుకు బలయ్యారు. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాసిన తర్వాత కూడా ఇది మరెవరి గురించో రాసినట్టే ఉంది. రజాకార్ల నాడు బతికి బయటపడ్డ మనిషి, అన్నీ సద్దుమణిగాయని ప్రభుత్వం చాటిస్తున్న ఈ రోజుల్లో, పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది నిండకముందే ఇట్లా పోవడమేమిటి? విధి అంటున్నారు కొందరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది.

వార్త నాకు చేరిన తీరు చెప్పాలి. నేను చిత్రలేఖనం చెప్పే బడి విడిచే వేళ. పానగల్ బెస్త ముత్తయ్య కావడి మోసుకుంటూ లోపలికి వచ్చాడు. కావడికి ఒకవైపు కుండ, రెండోవైపు కుండ ఉండవలసిన చోట తాడుతో కట్టిన బండరాయి. సారు, ముత్తయ్య కలిసి మూసీ వరదలో దొరికిన బొచ్చె చేపపిల్లలను తేవడానికి వెళ్లారని నాకు తెలుసు. ముత్తయ్య కావడి దించి, కూర్చుని, కుండను రెండు చేతులా పట్టుకుని మెల్లగా కదుపుతూ అన్నాడు: "బొమ్మల సారూ, సారును కాల్చిన్రు." నేను విన్నాను కాని, నా నోటి నుంచి వచ్చిన మాట మాత్రం "రెండో కుండ ఏది?" అని. ఇప్పటికీ ఆ ప్రశ్నకు సిగ్గుపడుతున్నాను. ముత్తయ్య కోపగించుకోలేదు. "పలిగింది" అన్నాడు. చెయ్యి మాత్రం ఆపలేదు.

అనంతయ్య సారును ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఆయనది కోస్గి. వాన పడితే పంట, లేకుంటే లేదు. అటువంటి మెట్టభూమిలో జొన్న, కంది పండించే కుటుంబంలో పుట్టి, చేపపిల్లకు ప్రాణమిచ్చే మనిషి ఎట్లా అయ్యారన్నది మా అందరికీ వింతగానే ఉండేది. అడిగితే "మా కోస్గిల తాగనీకె నీళ్లు దొరికితే పండుగ. చేపను నేను బొమ్మల చూసి ఆశపడ్డోణ్ని" అనేవారు. నిజాం సర్కారు బడిలో ఉర్దూలో చదివి, ఉర్దూలోనే పాఠం చెప్పారు. ఉద్యోగరీత్యా నల్లగొండ వచ్చినప్పుడు పానగల్ చెరువు చూసి, మరి బదిలీ అడగలేదు. దవాఖాన డాక్టరు ఒకాయన పాతబడిందని పక్కన పడేసిన సూక్ష్మదర్శినిని తెచ్చుకుని, దాని కాలు విరిగితే వడ్రంగం చేసే వడ్ల బక్కయ్య చేత చెక్కకాలు పెట్టించారు. ఆ కుంటి యంత్రంతోనే పన్నెండు వర్షాకాలాలు గడిపారు.

చేపల మీద అంత ప్రేమ గనుక ముట్టరని చాలామంది అనుకునేవారు. అది శుద్ధ అబద్ధం. పులుసు పెడితే తలకాయ ముందు ఆయనకే పడాలి. "చదివినదాన్ని తినొద్దని ఏ కితాబుల ఉన్నది?" అని మా ముందే రెండోసారి వడ్డించుకునేవారు. లక్ష్మమ్మ గారు, ఆయన సహధర్మచారిణి, "బడిల నోరు, ఇంట్ల నోరు, రెండూ ఆగయి" అని దెప్పిపొడిచేవారు. ఆయన నవ్వి, ముల్లు తీసి పక్కన పెట్టి, అది వెన్నులో ఎన్నోదో పిల్లలకు చెప్పేవారు.

నేను ఆయన శిష్యుణ్ని, తర్వాత అదే బడిలో చిత్రలేఖనం చెప్పే సహోద్యోగిని. సూక్ష్మదర్శినిలో ఆయన చూసి చెప్పినదాన్ని, తర్వాత నేను చూసి గీయాలి. మొదటి ఏడాది ఒకరోజు వయసున్న పిల్లను గీసిమ్మన్నారు. జీలకర్ర పలుకంత పిల్ల. గాజులా పారదర్శకం. కడుపు కింద పచ్చసొన సంచి వేలాడుతోంది. నేను చక్కగా గీసి, చివర నోరు కూడా పెట్టాను. ఆయన కాగితం చూసి, "రాజలింగం, నోరు చూసినవా?" అన్నారు. "లేదు సార్. చేప గదా, ఉంటది గదా" అన్నాను. కాగితం నాలుగు ముక్కలు చేశారు. "కనబడ్డదే గియ్యి. కనబడకుంటే తెల్లగ విడువు. తెల్లకాగితానికి తప్పు లేదు" అన్నారు. ఆరోజు నాకు ఏడుపొచ్చింది. సూక్ష్మదర్శినిలో మళ్లీ చూస్తే నిజంగానే నోరు లేదు. తల ముందుభాగం మూసిన పిడికిలిలా ఉంది.

ఆయన జీవితకాలపు కృషి ఇంతే, ఒక చేపపిల్ల మొదటి నాలుగు రోజులు. ఇంతేనా అని నవ్వినవాళ్లను నేను చాలామందిని చూశాను. గుడ్డులో ఉండగానే చెవి ఏర్పడుతుంది. చెవి గుంటలో రెండు మెరిసే రాళ్లు కనబడతాయి, వాటిని బెస్తవాళ్లు పెద్దచేపలో చూసి చెవిరాళ్లంటారు, ఆయనా అదే పేరు ఉంచుకున్నారు. పుట్టిన నాడు కన్ను ఉంటుంది కాని నలుపు ఉండదు, అంటే చూపు లేదు. ముక్కు రెండు చిన్న గుంటలు. పేగు అటూ ఇటూ మూసుకున్న సన్నని దారం. రెండోనాడు కంటిలో నలుపు దిగుతుంది. ఆ తర్వాతే దవడ విడివడి నోరు తెరుచుకుంటుంది, పేగుకు దారి ఏర్పడుతుంది. "ముందుగాల్ల వింటది, ఆ తర్వాత చూస్తది, అన్నిటికన్న ఎనక తింటది. మనమే ఉల్టా" అనేవారు. బొమ్మల కింద అవయవాల పేర్లు తెలుగులో రాయించారు. తనిఖీకి వచ్చిన అధికారి ఉర్దూలో లేవేమని అడిగితే, "జనాబ్, ఈ పేర్లు నాకు చెప్పినోళ్లకు తెలుగే వచ్చు" అన్నారు.

రజాకార్లు బడిలోకి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. సీసాల్లో సారాయిలో నిలవ ఉంచిన పిల్లలను చూసి, బాంబుల మందేమోనని నాయకుడు అనుమానపడ్డాడు. సారు ఆయనకు కుర్చీ వేయించి, సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, చేపకంటి నిర్మాణం గురించి బహు సొంపైన ఉర్దూలో ఉపన్యాసం మొదలుపెట్టారు. అర్ధగంట దాటింది. నాయకుడు రెండుసార్లు లేవబోతే, "ఆప్ తష్రీఫ్ రఖియే, అసలు సంగతి ఇప్పుడే వస్తున్నది" అని కూర్చోబెట్టారు. చివరికి వాళ్లే సెలవు తీసుకున్నారు. ఆ తర్వాత సగంమంది ఉపాధ్యాయులం నిజాం సరిహద్దు దాటాం. నేనూ దాటాను. ఆయన దాటలేదు. వర్షాకాలం వస్తోందన్నారు.

ఇక పానగల్ సంగతి. ఏటా వానాకాలంలో అక్కడి బెస్తలు మూసీ వరదనీటి నుంచి గుడ్లు, పసిపిల్లలు పట్టి, కుండల్లో మోసుకొచ్చి, చెరువులో వదలడం తాతల నాటి అలవాటు. కుండ నీరు నిలిస్తే పిల్లకు ఊపిరాడదు, అందుకని దారి పొడుగునా చెయ్యి కదుపుతూనే ఉండాలి. ఆ పని వాళ్లకు కరతలామలకం. కాని చెరువులో వదలే ముందు ఒక ఆచారం ఉంది, తొలిముద్ద. ఇంటికి వచ్చిన బిడ్డ ఆకలితో ఉండకూడదని, ముత్తయ్య తల్లి మల్లమ్మ అవ్వ మెత్తగా పిసికిన అన్నం ఆ కుండల్లో వేస్తుంది. తెల్లవారేసరికి నీరు పులిసి, పిల్లలు వెల్లకిలా తేలతాయి. మిగిలినవాటినే చెరువులో వదిలేవారు. ఎందుకు చస్తున్నాయంటే ఎండ అనేవారు, దిష్టి అనేవారు. ప్రేమకొద్దీ పెట్టిన ముద్దే చంపుతోందని ఎవరికి తోస్తుంది? ఆ అవ్వ చేతిని మించిన చల్లని చెయ్యి ఆ వాడలో లేదు.

సారు ఆమెతో ఒక్కనాడూ మూఢనమ్మకమనలేదు. సూక్ష్మదర్శినిని నెత్తిన పెట్టుకుని వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. అవ్వ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "గీ బిడ్డకు నోరేది?" అంది. "ఇంక రాలే అవ్వా." "నోరు లేని బిడ్డను దేవుడెందుకు పుట్టిచ్చిండు?" "సద్ది కట్టిచ్చి పంపిండు గదా. గా కడుపు కింద ఉన్నది చూడు, తల్లి కట్టిన సద్ది. అది ఒడిసేదాంక మన ముద్ద పనికిరాదు." అవ్వ ఆలోచించి, "గట్లయితే ముద్ద బందు పెట్టమంటవా?" అంది. ఆమె గొంతులో బాధ ఉంది. సారు కంగారుగా తల అడ్డంగా ఊపారు. "బందు ఎందుకు? ముద్ద నీదే. మూడొద్దులు ఆగు. నోరు వచ్చినాడు నేను చెప్త, నువ్వు పెట్టు" అన్నారు. అన్నం బదులు ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో కట్టి నీళ్లలో పిండమన్నారు. నిరుడు రజాకార్ల, పోలీసు చర్య గందరగోళంలో ఎవరూ మూసీకి పోలేదు. ఈ ఏడు మొదటిసారి ఆ మాట పరీక్షకు రావలసింది. "ఈసారి సచ్చినయంటే మీ చెరువు దిక్కు రాను" అని ఆయన వాడ పెద్దల ముందు మాట ఇచ్చారు. పన్నెండేళ్ల చదువు ఆ రెండు కుండల్లో ఉందన్నమాట.

ఆ దారి మీద ఏం జరిగిందో ముత్తయ్య నోటి నుంచి విన్నదే రాస్తున్నాను. ఎవరి పటాలమో, ఏ క్యాంపు వాళ్లో రాయను, నాకు తెలియదు కూడా. అడవిలోని కమ్యూనిస్టు దళాలకు కుండల్లో అన్నం మోసేవాళ్ల కోసం జవాన్లు బాట కాస్తున్నారట. కావడి ఒకటే, వీళ్లిద్దరూ వంతులవారీగా మోస్తున్నారు, అప్పుడు సారు వంతు. ముందురోజు సాయంత్రం గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు రెండు కుండల్లో ఉన్నాయి. పొదచాటు నుంచి "హాత్ ఊపర్" అని కేక వచ్చింది. ముత్తయ్య చేతులెత్తాడు. సారుకు అర్థం కాలేదని ఎవరూ అనవద్దు. నలుగురికి ఉర్దూలో పాఠం చెప్పిన మనిషి. బాగా అర్థమైంది. చేతులెత్తితే కావడి జారి కుండలు రెండూ పగులుతాయి. అందుకని ముందు కావడి దించడానికి మోకాళ్లు వంచారు. "దించుతున్న బాబూ, దించి ఎత్తుత" అని అన్నారట, వాళ్ల భాషలోనే. కుండల అడుగులు నేలకు తాకాయి. అప్పుడే పేలింది.

ఇది చదివి "తొందరపడి చేతులెత్తితే సరిపోయేది కదా" అనేవాళ్లుంటారు. నాతో అప్పుడే అన్నారు. కావడి మోసినవాళ్లెవరూ ఆ మాట అనరు. పానగల్ బెస్తల్లో ఎవరిని నిలబెట్టి అడిగినా, కుండ దించకుండా చేతులెత్తడం తమకూ తోచదనే చెప్పారు. ముత్తయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి గనుక ఎత్తగలిగాడు. ఆ దారిన నడవడానికి అనుమతి కోసం నేనే తిరిగి తిరిగి సంపాదించిన పాసుకాగితం ఆయన అంగీ జేబులోనే ఉంది. అది తీయడానికీ చెయ్యి కావాలి. 

ఆయన ఒరిగినప్పుడు ఒక కుండ పగిలింది. జవాన్లు వచ్చి రెండో కుండలో చూశారు. నీళ్లు తప్ప వాళ్లకు ఏమీ కనబడలేదు. చేతులు దించవద్దన్నారు గనుక ముత్తయ్య ఎత్తిన చేతులతోనే, "సాబ్, కుండ కదపాలె, లేకుంటే లోపల పిల్లలు సస్తయి" అన్నాడు. ఆ పేల్చినవాడు, మీసాలు కూడా సరిగా రానివాడట, తుపాకీ పక్కనపెట్టి కూర్చుని, ముత్తయ్య చెప్పినట్టు కుండను కదుపుతూ ఉన్నాడట. పై అధికారి వచ్చి ముత్తయ్యను వదిలిపెట్టేదాకా అట్లాగే కదిపాడట. అతణ్ని ద్వేషించాలని నేను చాలా ప్రయత్నించాను. ఆ కుండ దగ్గరికి వచ్చేసరికి నాకు శక్తి చాలడం లేదు.

దేహం మర్నాడు లారీలో వచ్చింది. దహనం అయింది. మూడోనాడు, మా వైపు చేసినట్టే, పిట్టకు పెట్టారు. కోస్గి నుంచి వచ్చిన అన్నగారు ఆకులో అన్నం, ఆయనకిష్టమైన చేపపులుసు పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకులు గట్టుమీద కూర్చున్నాయి కాని దిగలేదు. "తమ్మీ, నీ పిల్లల సదువు నేను చూసుకుంట" అన్నారు అన్నగారు. దిగలేదు. "ఇల్లు విడిచి పోను, ఈడనే ఉంట" అన్నారు లక్ష్మమ్మ గారు. దిగలేదు. ఎండెక్కుతోంది. పోయినవారికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు. ఆ కోరిక ఏమిటో అక్కడ నాకొక్కడికే తెలుసు. కాని ఆ ఉదయం నేను పానగల్ పోలేదు. కుండలో ఏమైందో నాకు తెలియదు. అందరూ నావైపు చూశారు. నేను రెండడుగులు ముందుకు వేసి, "సారూ, పిల్లలు తిన్నయి" అన్నాను. ఒక కాకి దిగి ముద్ద ముట్టింది. దానికి ఆకలైన వేళ అదేనేమో, సారు ఉంటే ఆ మాటే అనేవారు. అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్లకు కదిలారు.  చచ్చిన గురువుకు అబద్ధం చెప్పాను.

సారు ఇంట్లోంచి సూక్ష్మదర్శినిని తీసుకుని పానగల్ వైపు పరుగెత్తినంత పనిచేశాను. మనసులో ఒకటే భయం, అవ్వ దుఃఖంలో నిన్ననే ముద్ద వేసి ఉంటే? వాకిట్లో వెడల్పాటి గోలెంలో పిల్లలను వదిలారు. అవ్వ పక్కనే కూర్చుని అప్పుడప్పుడు చేత్తో నీరు కదుపుతోంది. రెండో చేతిలో గుడ్డమూట, అందులో పచ్చసొన, ఎండిపోకుండా తడి చేస్తూ ఉంది. "పెట్టలే" అంది, నేను అడగకముందే. "నోరు వచ్చినాడు చెప్తనన్నడు గదా. ఎవరూ రాకపాయె. పొద్దుగాల్ల నుంచి పట్టుకొని కూసున్న. నువ్వు చెప్పు బిడ్డా."

నేను పన్నెండేళ్లు గీశాను గాని ఒక్కనాడూ నిర్ణయించలేదు. ఇప్పుడు అన్న మాట ఎప్పుడూ ఆయనదే. అయిదు పిల్లలను తీసి చూశాను. మూడింటికి దవడ కదులుతోంది, కంటి నలుపు నిండుగా ఉంది. రెండింటికి నోరు ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ముందుగా పెడితే నీరు చెడుతుంది, ఆలస్యమైతే ఆకలికి పోతాయి. ఎన్నింటికి నోరు వస్తే సరే అనాలో ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ముత్తయ్య, వాడవాళ్లు చుట్టూ నిలబడ్డారు.  ఇంకో అయిదు తీశాను. నాలుగింటికి నోరు స్పష్టంగా కనబడింది. "పెట్టు అవ్వా" అన్నాను. అవ్వ మూట నీటిలో ముంచి పిండింది. కొంతసేపటికి ఒకదాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఆ గాజు కడుపులో పసుపుపచ్చని పోగు కనబడింది. మరొకదానిలోనూ ఉంది. చూస్తానన్న ప్రతివాడికీ చూపించాను. అవ్వ చూసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇటువంటి వ్యాసాల చివర ఈ లోటు తీరనిదని రాయడం మర్యాద. నాకు తెలిసినంతలో ఈ లోటు ఏమిటో చెబుతాను. నాలుగోనాటి తర్వాత ఏమవుతుందో, పేగు ఎప్పుడు మెలిక తిరుగుతుందో, చేప ఒంటిమీది పక్కగీత ఎప్పుడు పుడుతుందో ఆయన ఈ ఏడు చూడాలనుకున్నారు. ఆ బొమ్మలకు కాగితాలు కోసి పెట్టుకున్నారు. అవి తెల్లగా ఉన్నాయి. గీయడానికి నేనున్నాను, చూసి చెప్పడానికి ఎవరూ లేరు. ఆ మహనీయునికి నా చేతకాని చేతులతో నమస్కరిస్తున్నాను.

ఆ సాయంకాలం సూక్ష్మదర్శినిని అప్పగించడానికి వెళితే లక్ష్మమ్మ గారు గడపలో కూర్చుని ఉన్నారు. మూడు రోజుల్లో ఆమె ఏడవగా నేను చూడలేదు. "పొద్దుగాల్ల నువ్వు చూడకనే చెప్పినవు గదా, రాజలింగం?" అన్నారు. నా ముఖంలో ఏం కనబడిందో. "అవునమ్మా" అన్నాను. "ఇప్పుడు చూసినవా?" "చూసినమ్మా. తిన్నయి. నా కండ్లతోటి చూసిన."  ఆమె లేచి, కొంగు సర్దుకుని, "అయితే పా. ఇప్పుడు చెప్పు" అన్నారు.

పొద్దున ఆకు పెట్టిన చోటికి ఇద్దరం నడిచాం. పొద్దు గూకింది. గట్టుమీద ఒక్క కాకీ లేదు. నేను చెప్పాను.